శీనూ, ముందు గెయిన్ తగ్గించు

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. వాయించడం బాగుంది. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో నువ్వు తేవాలనుకున్న టోన్ మాత్రం క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మేది కాదురా, ఏదో మెటల్ బ్యాండుది. హై గెయిన్ (సిగ్నల్‌ని బాగా పెంచి గరగరమనిపించే) యాంప్ పెట్టుంటావు. ఆయన వాడే వాక్స్ ఏసీ30 యాంప్‌లో డిస్టార్షన్ చానెలే ఉండదు. నార్మల్ చానెల్, వాల్యూమ్ పూర్తిగా పైకి, దాని ముందు ట్రెబుల్ బూస్టర్ (పై శబ్దాల్ని పెంచే పెడల్), అంతే. క్లీన్‌గా కావాలంటే గిటార్ వాల్యూమే తగ్గిస్తాడు.

నువ్వూ ఏసీ30 మోడల్ తెరిచి, టాప్ బూస్ట్ చానెల్ వదిలేసి నార్మల్ తీసుకో. కట్ నాబ్‌తో జాగ్రత్త, అది తిరగేసి పనిచేస్తుంది: పెంచేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. క్యాబినెట్‌కి సెలెస్టియన్ బ్లూ స్పీకర్లున్న 2x12 (పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండు) ఐఆర్, అంటే క్యాబినెట్ శబ్దాన్ని అనుకరించే ఫైల్, ఒక్కటి చాలు. ఎన్ఏఎమ్ (న్యూరల్ యాంప్ మోడలర్) క్యాప్చర్, అంటే అసలు యాంప్ శబ్దం నుంచి నేర్చుకున్న మోడల్, వాడితే అందులో క్యాబినెట్ ముందే ఉందేమో చూసుకో. ఉంటే ఐఆర్ ఆపెయ్. రెండూ కలిస్తే దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది.

అసలు కథంతా బూస్టర్‌లో ఉంది. అది బాస్ కోసేసి మిగతాది యాంప్‌లోకి గట్టిగా నెడుతుంది. బాస్ కోయకుండా అంత గెయిన్ ఇస్తే లావు తీగలు బురదే. నీ సాఫ్ట్‌వేర్‌లో రేంజ్‌మాస్టర్ (పాతకాలపు ట్రెబుల్ బూస్టర్) లాంటిది లేకపోతే ఈక్యూతో చేసుకో: 800 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కి 6 డీబీ లో కట్, తర్వాత 12 డీబీతో మొదలుపెట్టి 20 దాకా గెయిన్. అసలు పెడల్ పికప్‌ని కొంచెం లోడ్ చేసి పై గరుకు తగ్గిస్తుంది. గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ ఆ పని చెయ్యదు. అందుకే బూస్టర్ ముందు 5 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్ పెట్టు. చాలామంది ఇదే మర్చిపోయి, చెవులు గుచ్చుకుంటున్నాయని ప్లగిన్‌ని తిడతారు.

ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కావా? లైన్‌లో ఉంటే టోన్ చచ్చిపోతుంది. వాయించిన వెంటనే వినిపించేలా బఫర్ 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లు ఉంచు.

ఇక గిటార్. బ్రయాన్ మే సొంత గిటార్ రెడ్ స్పెషల్‌లో మూడు బర్న్స్ ట్రైసానిక్ పికప్‌లు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) ఉంటాయి, ఒక్కోదానికి విడిగా ఫేజ్ (సిగ్నల్‌ని తిరగేసే) స్విచ్. నీ స్ట్రాట్ గిటార్‌లో రెండు పికప్‌లు కలిపితే ప్యారలల్ (పక్కపక్కన), అవుట్‌పుట్ తక్కువ. బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) ఉన్న గిటార్ దొరికితే ఇంకా దగ్గరికొస్తుంది, దాని రెండు కాయిల్స్ సిరీసే కదా. అవుట్ ఆఫ్ ఫేజ్‌లో వచ్చే ఆ ముక్కు గొంతుని మాత్రం ఈక్యూతో పూర్తిగా తేలేవు, వైరింగ్ మార్చాల్సిందే.

పిక్ బదులు ఆయన వాడేది పాత ఆరు పెన్నీల నాణెం. అంచు గీతలు తీగని గీరుతూ ఆ 'క్ర్' చప్పుడు తెస్తాయి. మన స్టీల్ నాణెంతో ప్రయత్నించకు, తీగలు త్వరగా పోతాయి.

గేట్ (వాయించనప్పుడు హమ్‌ని ఆపేది) బూస్టర్‌కి ముందే పెట్టు, హమ్‌కి కాస్త పైన మాత్రమే. ఎక్కువైతే సాగాల్సిన నోటు మధ్యలో తెగుతుంది. అయినా హెడ్‌ఫోన్స్‌లో ఆ సస్టెయిన్ మొత్తం రాదు. స్పీకర్ చప్పుడు తీగల్ని మళ్లీ కదిలించాలి కాబట్టి మానిటర్ స్పీకర్లు పెంచి దగ్గర కూర్చో (పక్కింటివాళ్లు ఊళ్లో లేనప్పుడే).

1975 నాటి క్వీన్ ఆల్బమ్ 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా'లో వినిపించే గిటార్ల గుంపుకి వేరే యాంప్: క్వీన్ బాస్ గిటారిస్ట్ జాన్ డీకన్ కట్టిన చిన్న ట్రాన్సిస్టర్ డీకీ. దానికి 200 హెర్ట్జ్ కింద, 4 కిలోహెర్ట్జ్ పైన కోసి, ప్రతి గిటార్ భాగాన్నీ విడిగా వాయించు. ఒకే టేక్ కాపీ చేశావంటే గుంపు రాదు, ఒకటే గిటార్ గట్టిగా వినిపిస్తుంది.

ముందు బూస్టర్, యాంప్ మాత్రమే పెట్టి, గిటార్ వాల్యూమ్ 10లోనూ 4లోనూ రికార్డ్ చేసి పంపు. 4లో కూడా గరగరమంటుంటే ఇంటర్‌ఫేస్ గెయిన్ ఎంతుందో రాయి.

నీ
వాసు