ఆ రోజు అరిచినందుకు క్షమించమ్మా

నిన్నటితో మా నాయన కర్మక్రియలు అయిపోయాయి. చుట్టాలంతా వెళ్ళిపోయారు. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నాయన 29 ఏళ్ళు తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ బస్సు నడిపాడు. 1974లో వేసిన రెండో రోడ్డులో ఎక్కడం, 1944 నాటి పాత రోడ్డులో దిగడం. ప్యాంక్రియాస్ క్యాన్సర్ అని, అప్పటికే లివర్‌కు పాకిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరం ఒక్క మాట మీదికి వచ్చాం. ఆయనకు చెప్పకూడదు, కడుపులో పుండు అనాలి. ఏడు నెలలు అదే చెప్పాం. రిపోర్టులు బియ్యం డ్రమ్ములో దాచాం.

పాలియేటివ్ టీమ్ (జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించేవాళ్ళు) ఇంటికి వచ్చిన మొదటి రోజు డాక్టరు, నర్సు మందులు చూసి వెళ్ళారు. వాళ్ళతో వచ్చిన కౌన్సెలర్ అమ్మాయి మాత్రం ఆగింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కుర్చీ ఇస్తే వద్దని, మంచం పక్కన చాప మీద కూర్చుంది. "పెద్దాయనా, ఘాట్‌లో ఎక్కేటప్పుడు కష్టమా, దిగేటప్పుడా?" అని అడిగింది. నెల రోజులుగా ఊఁ, ఆఁ తప్ప మాట్లాడని మనిషి లేచి కూర్చున్నాడు. "దిగేటప్పుడే పాపా. ఊరికే బ్రేకు తొక్కతా ఉంటే అది వేడెక్కి పట్టదు. గేర్లోనే దించాల" అంటూ అరగంట చెప్పాడు. తర్వాత ఆ అమ్మాయి మెల్లగా, "మీ జబ్బు గురించి మీకేం తెలుసు?" అంది.

"అంతా తెలుసు. వీళ్ళు ఏడుస్తారని తెలీనట్టు ఉండా."

నేను వంటింట్లో ఉన్నాను. పాలు పొంగి స్టవ్ మీద పోయినా కదల్లేకపోయాను.

ఆమె వెళ్తుంటే వెంటపడి మెట్ల దగ్గర ఆపి అరిచాను. మా నాయనతో ఇట్లాంటి మాటలు మాట్లాడడానికి నువ్వెవరు అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయలేను. ఆమె అంతా విని, "మీతో చెప్పాలని ఆయన కూడా కాచుకోని ఉన్నారు అక్కా. పోయి పక్కన కూర్చోండి, ఏం మాట్లాడకపోయినా పర్లేదు" అంది. ఆ రాత్రి కూర్చున్నాను. నాయన నా చెయ్యి పట్టుకుని, "బియ్యం డ్రమ్ములో చీమలు పట్టినాయేమో చూడు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత ఏడ్చాం.

గురువారం ఆ అమ్మాయి ఏమీ జరగనట్టే మళ్ళీ వచ్చింది. ఎవరినైనా చూడాలనుందా అని ఆమె అడిగితే, నాయన ఒక కండక్టర్ పేరు చెప్పాడు. ఇంట్లో ఎవరం వినని పేరు. ఎప్పుడో చెకింగ్‌లో నాయన ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఆ కండక్టర్ సస్పెండ్ అయ్యేవాడు కాదట. ఆ అమ్మాయే డిపోలో ఆరా తీసి పీలేరు నుంచి పిలిపించింది. ఇద్దరూ రెండు గంటలు పాత బస్సుల గురించే మాట్లాడుకున్నారు. క్షమాపణ మాట వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ రాత్రి నాయన నొప్పికి అదనపు మాత్ర అడగలేదు.

ఇంగ్లండ్‌లో 1967లో హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే చోటు) మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ అనే డాక్టరు దీన్ని 'టోటల్ పెయిన్' అన్నారని తర్వాత చదివాను. శరీరం నొప్పితో మనసు, సంసారం, దేవుడితో లెక్కలు అన్నీ కలిసే ఉంటాయట. చదవకముందే మా ఇంట్లో చూశాను.

కోపం కూడా ఉంది, చెప్పేస్తాను. కీమో ఇచ్చిన పెద్దాసుపత్రిలో ఇన్ని నెలల్లో ఒక్కరూ పాలియేటివ్ అనే మాట ఎత్తలేదు. చివరికి వరండాలో నిలబెట్టి రెండు నిమిషాల్లో "ఇంక ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. ఈ సాయం చికిత్సతో పాటే మొదటినుంచీ అందాల్సిందట. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు కోసం 2014లో చట్టం సవరించి సులువు చేశామన్నారు, నేను తిరిగిన ఏ మెడికల్ షాపులోనూ దొరకలేదు. టీమ్ ఇచ్చేదే దిక్కు. నాలుగు గంటలకొకటి, దాంతో పాటు విరేచనం సాఫీగా కావడానికి ఇంకొకటి. మత్తుకు అలవాటు పడతాడేమో అని మా తమ్ముడు భయపడితే, నొప్పికి తగ్గట్టు డాక్టర్లు చూసి ఇస్తే ఆ భయం అక్కర్లేదని నర్సు ఓపిగ్గా చెప్పింది. ఇంత పని చేసే ఆ కౌన్సెలర్‌ది కాంట్రాక్టు ఉద్యోగమట. ప్రతి ఏడూ రెన్యువల్ టెన్షనట.

అమ్మకు, తమ్ముడికి, మరదలికి వేరే థాంక్స్ చెప్పేదేముంది, మన వాళ్ళే కదా.

అయ్యో, అసలు ఆ టీమ్ నంబరు చీటీ మీద రాసి నా చేతిలో పెట్టిన నర్సమ్మను మర్చిపోయాను. ఆమె లేకపోతే పైదేదీ జరిగేది కాదు. బైరాగిపట్టెడ నుంచి అర్ధరాత్రి వచ్చి డబ్బులు తీసుకోని ఆటో అన్న. నెలంతా టీవీ సౌండు తగ్గించుకున్న పైపోర్షన్ వాళ్ళు. పాడె మోసిన డిపో డ్రైవర్లు. ఇంకెవరినైనా వదిలేసి ఉంటే తిట్టుకోవద్దు.

మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి టీమ్‌కే తిరిగి ఇచ్చేశాం. ఎయిర్ బెడ్ మాత్రం మా దగ్గరే ఉంది, మోటారు బాగా పనిచేస్తోంది. తిరుపతిలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, నేనే తెచ్చిస్తాను.