గుడ్లగూబ పెట్టెలు, గెడ కెమెరా: జమా ఖర్చుల వివరణ

ఊరి రైతులందరికీ నమస్కారం. ఎలుకలు పట్టే తెల్ల గుడ్లగూబలు గూడు పెట్టుకునేందుకు కొబ్బరి తోటల్లో కట్టిన 12 పెట్టెల లెక్క, చెట్టెక్కకుండా కింది నుంచే పెట్టె లోపల ఏముందో ఫోన్‌లో చూసేందుకు పొడవాటి గెడ కొసన కట్టే కెమెరా లెక్క ఇది.

జమ: 63 మంది రైతులు తలా రూ. 500 చొప్పున 31,500. పేరు వద్దన్న దాత 10,000. మొత్తం 41,500. ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు. ఇస్తామన్న 13 మంది ఇంకా ఇవ్వలేదు. ఆ 6,500 పై లెక్కలో కలపలేదు. గుడ్లగూబలు ఎలుకలు పట్టేది వారి చేలల్లో కూడా. దాళ్వా నూర్పిళ్లు కాగానే ఇవ్వగలరు.

ఖర్చు: పెట్టెల మరమ్మతు 2,400, స్టీలు తీగ, బోల్టులు 1,150 (ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు), చెట్లెక్కి పెట్టెలు కట్టిన దింపు కార్మికుల కూలి 2,400, కెమెరా 3,200, పవర్‌బ్యాంకు 1,350, రవాణా 900.

ఫైబర్ గెడ 17,800. ఎక్కువమంది అడుగుతున్నది దీని గురించే.

వెదురు చాలదా అన్నారు. ముప్పై అడుగుల వెదురు కొసన కెమెరా కడితే చిన్న గాలికే ఊగుతుంది, ఫోన్‌లో బొమ్మ నిలవదు. అల్యూమినియం చవకే, కానీ మన తోటల్లోంచి కరెంటు తీగలు పోతున్నాయి, తగిలితే ప్రాణం మీదకొస్తుంది. తడిసి మట్టిపట్టిన ఫైబర్‌నూ నమ్మలేం కాబట్టి వానలో గెడ ఎత్తం, తీగల దగ్గర చెట్ల జోలికి పోం. ప్రతిసారీ మనిషినే ఎక్కిస్తే? విడతకు 2,400 చొప్పున ఎనిమిది విడతలకే 19,200. పైగా మనిషి ఎక్కిన అలికిడికి తల్లి ఎగిరిపోతే గుడ్లు చల్లబడతాయి.

గెడ రావడం ఆలస్యమైన సంగతి. మేం అడిగింది, ఒకదాంట్లో ఒకటి దూరే ముక్కల్ని క్లిప్పు లాకులతో పట్టి ఉంచే గెడ. వచ్చింది మెలితిప్పి బిగించే రకం. చెమ్మకీ సన్న ఇసుకకీ ఆ బిగింపు జారుతుంది. పై ముక్క ఒక్కసారిగా లోపలికి దిగిపోయి కెమెరా పెట్టె అంచుకు కొట్టుకుంటుంది. తిప్పి పంపాం. అమ్మినవారు డబ్బు వెనక్కివ్వడానికి చాలా రోజులు తిప్పించుకున్నారు. ఈలోగా కమిటీ డబ్బు వాడేసుకుందని మాట పుట్టింది, అది బాధ కలిగించింది. వాపసు వచ్చిన బ్యాంకు కాగితం కూడా బిల్లులతో ఉంది.

కెమెరాకు తెల్ల లైటు కాక ఇన్‌ఫ్రారెడ్ ఎందుకంటే, చీకట్లో ఉన్న పక్షి కళ్లలో వెలుతురు పడితే బెదురుతుంది. లెన్సుకు ఆవిరి పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఉంచాలి. పెట్టె నోట్లో కెమెరా నిమిషం మించకూడదు. కొత్తగా గుడ్లు పెట్టినప్పుడు చూడొద్దు, తల్లి గూడు వదిలేయొచ్చు. ఏడు వారాలు దాటిన పిల్లలున్నా వద్దు, రెక్కలు రాకుండానే దూకేస్తాయి.

గట్ల మీద బ్రోమడియోలోన్ (ఎలుకల మందు) ఎర పెట్టేవారు దయచేసి మానండి. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది.

మొత్తం ఖర్చు 29,200. నిల్వ 12,300 బ్యాంకులో ఉంది, ఇద్దరి సంతకాలతోనే తీయాలి. బిల్లులు పాలకేంద్రంలో పెట్టాం, ఎవరైనా చూడొచ్చు.