సుగ్గి కాలంలో మా పిల్లలకు తోడు నిలిచినవారికి

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా ఉపాధ్యాయులందరినీ ఊరు అభినందిస్తూనే ఉంది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు. అందులో మా ఫొటోలు ఉన్నాయి, నాయకుల ఫొటోలు అంతకు మూడింతల సైజులో ఉన్నాయి. ఉండవలసినవాళ్లవి మాత్రం లేవు. వాళ్లకు నలుగురిలో కృతజ్ఞతలు చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను లెక్కల టీచరును. ఎవరి వాటా ఎంతో తేల్చకపోతే నాకు నిద్ర పట్టదు.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు పల్లె. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల్లో వానను నమ్ముకున్న పొలాలే ఎక్కువ. ఖరీఫ్ పంట ఇంటికి చేరాక, లేదా చేరదని తేలిపోయాక, ఊళ్లో పని ఉండదు. దసరా, దీపావళి దాటగానే బియ్యం మూటలు, వంట సామాను, కోళ్లు అన్నీ వాహనాలకెక్కించి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, బయలుదేరుతాయి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీత, మిరప కోత. మళ్లీ ఊరు నిండేది ఉగాది నాటికి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టడం, పాఠాలు పూర్తికావడం, మార్చిలో పరీక్షలు, అన్నీ ఆ నడుమనే.

మిరప కోతకు కూలి తూకం లెక్కన ఇస్తారు. ఎన్ని చేతులు పడితే అన్ని కిలోలు. పదిహేనేళ్ల పిల్లను బడిలో వదిలిపెట్టడమంటే ఆ ఇంటికి ఒక మనిషి కూలి తగ్గడం. గుడారం దగ్గర చంటిబిడ్డను ఎత్తుకునే మనిషి కూడా లేకపోవడం. తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి ‘వీళ్లకు చదువు విలువ తెలియదండీ’ అని నిట్టూర్చి వెళ్లారు. విలువ తెలుసు. దాని ఖరీదెంతో ఆయనకంటే బాగా తెలుసు. తెలిసీ పిల్లల్ని వదిలి వెళ్లిన తల్లిదండ్రులకే నా మొదటి నమస్కారం.

ప్రభుత్వం డబ్బు ఇవ్వడం లేదా అంటారు కొందరు. ఇస్తున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద బిడ్డకు 13,000 రూపాయల చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి, మంచి పనే. కానీ అది విత్తనాలకూ పాత బాకీలకూ సరిపోతుంది. కూలీలను కుదుర్చుకుని తీసుకెళ్లే సుగ్గి మేస్త్రీ అడ్వాన్సు పట్టుకుని గుమ్మం ముందుకు వచ్చేది దసరా రోజుల్లో, చేతిలో ఏమీ లేనప్పుడు. అడ్వాన్సు తీసుకున్నాక ఇంట్లో ఎందరు బండెక్కాలో నిర్ణయించేది ఇక ఇంటివాళ్లు కాదు.

అందుకే ఈ కృతజ్ఞతల్లో ఒక మేస్త్రీ ఉన్నారంటే ఆశ్చర్యపోకండి. పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఆయన అడ్వాన్సు తగ్గించలేదు, పిల్లల్ని లెక్కలో వేసుకోనూ లేదు. ‘పెద్దోళ్లు వస్తే చాలు సార్’ అన్నారు, మాట మీద నిలబడ్డారు. మేం ఊళ్లో మీటింగులు పెట్టి ఎన్నో ఉపన్యాసాలిచ్చాం. వాటన్నిటికంటే ఆయన ఒక్క మాటకు ఎక్కువమంది పిల్లలు ఊళ్లో ఆగారు.

ఆగినవాళ్లు ఎక్కడ ఉండాలి? అవ్వలున్న ఇళ్లలో అవ్వలు చూసుకున్నారు. నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనుతో తాను తిని, ఇద్దరు మనవళ్లకు పెట్టి, పరీక్షలకు కొత్త పెన్ను కూడా కొనిచ్చిన అవ్వలు మా ఊళ్లో ఉన్నారు. తక్కినవాళ్లకు బడి ఆవరణలోనే సీజనల్ హాస్టల్ నడిచింది. బిల్లులు ఎప్పుడొస్తాయో తెలియకపోయినా సరుకులు ఆపని కిరాణా కొట్టు యజమానికి, తెల్లవారకముందే పొయ్యి వెలిగించిన వంట అక్కలకు, రాత్రుళ్లు హాస్టల్లోనే పడుకున్న సంరక్షకురాలికి మేం ఎంతో రుణపడి ఉన్నాం. హాస్టల్ అంటే అన్నం, పడక అని మాత్రమే అనుకోవద్దు. ఎదిగిన ఆడపిల్లను ముసలవ్వ దగ్గర వదిలి వెళ్లలేక, వెంట తీసుకెళ్లి గుడారాల్లో కాపలా కాయలేక, సుగ్గికి ముందే ఎవరికో ఒకరికి ముడిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తలుపుకు గడియ, లోపల ఒక పెద్దదిక్కు ఉన్న గది ఆ పెళ్లిళ్లలో కొన్నిటినైనా ఆపుతుంది. మా దగ్గర ఆపింది.

ఇక మా ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు) గారి గురించి, ఆశా కార్యకర్త గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మధ్యాహ్నం మూడో పీరియడు వచ్చేసరికి మా ఆడపిల్లల్లో సగం మంది బల్లమీద తల వాల్చేస్తారు. అలాంటివాళ్లకు మన బడుల్లో ‘మొద్దు’ అన్న పేరు తయారుగా ఉంటుంది. ఏఎన్ఎం గారు వచ్చి వేలికొసన రక్తం తీసి చూశారు. ఈ వయసు అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. చాలామందికి తొమ్మిది, పది. ఒక అమ్మాయికి ఏడు దగ్గరే ఆగిపోయింది. అదే సర్వే రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని చెబుతుంది. తల్లికి లేని రక్తం బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది?

వారానికొకటి మింగవలసిన నీలి రంగు ఐరన్ మాత్రలు బడికి కొత్త కాదు, ఆ పథకం 2013 నుంచి ఉంది. కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా అవుతుందని భయపడి పిల్లలు వాటిని కిటికీలోంచి విసిరేసేవాళ్లు. నల్లగా అవడం మామూలేనని ఏఎన్ఎం గారు సిగ్గుపడకుండా విడమరిచి చెప్పారు. అన్నం తిన్నాకే, తన కళ్ల ముందే మింగించారు. భోజనం వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని హాస్టల్లో ఆ టీ మాన్పించి, మజ్జిగన్నంలోకి కాకుండా పప్పులోకి నిమ్మకాయ పిండమన్నారు. నులిపురుగులకు ఆల్బెండజోల్ ఇచ్చారు. అంతటితో ఆగలేదు. కొంకిపురుగు పిల్లలు నేలమీద నుంచి పాదం చర్మం గుండానే లోపలికి పోతాయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి, కాబట్టి చెప్పులు లేకుండా బయలుకు వెళ్లే పిల్లకు మాత్రలు ఎన్ని ఇచ్చినా లాభం లేదన్నారు. బెంగళూరులో భవన నిర్మాణ పనుల్లో, సెక్యూరిటీ గార్డులుగా ఉన్న మా పూర్వ విద్యార్థులు ఆ మాట విని చెప్పులకు డబ్బు పంపారు. సాయంత్రం గుగ్గిళ్లకు కూడా వాళ్లే పంపారు. వాళ్లలో పదో తరగతి దాటనివాళ్లే ఎక్కువ.

ఏడు దగ్గర ఆగిన ఆ అమ్మాయిని ఆశా కార్యకర్త తనే ఆసుపత్రికి వెంటపెట్టుకుని తిరిగారు. పరీక్షల నాటికి పూర్తిగా కోలుకుందని చెప్పను. కానీ మూడో పీరియడులో చెయ్యెత్తి ‘సార్, ఆ మెట్టు మళ్లీ చెప్పండి’ అని అడిగేది. నేను చెప్పే త్రికోణమితి అంతకుముందూ అదే, తర్వాతా అదే.

గుంటూరు వైపు పల్లెలో ఒక ఉపాధ్యాయినికి కూడా నమస్కారాలు. మా ఊరి చిన్నపిల్లలు, ఆగలేక తల్లుల వెంట వెళ్లినవాళ్లు, పొలం గట్లమీద తిరుగుతుంటే పిలిచి తన తరగతిలో కూర్చోబెట్టుకున్నారు, మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఎవరు ఎంతవరకు నేర్చుకున్నారో రాసి మాకు ఫోనులో పంపారు. ఆవిడను నేను ఇప్పటికీ చూడలేదు.

అందరూ పాసయ్యారనుకోకండి, ఫ్లెక్సీలో ఆ సంగతి రాయలేదు. తప్పినవాళ్లకు సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. వాళ్ల అమ్మానాన్నలు ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు. వంట అక్కలు సెలవుల్లోనూ వస్తామన్నారు. పూర్వ విద్యార్థులు పంపిన డబ్బు ఖర్చుల చీటీ బడి నోటీసు బోర్డుమీద అంటించాం. మిగిలింది కొంత ఉంది. కంటి పరీక్షలో నలుగురికి కళ్లద్దాలు కావాలన్నారు కాబట్టి వాటికి వాడుతున్నాం.