పాత దుస్తుల మీద ఇష్టం బెంగ కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వింటేజ్ ఫ్యాషన్ గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అరవై, డెబ్బై ఏళ్ల కిందటి గౌన్లను, కోట్లను, జుట్టు ముడులను, ముఖాలంకరణను నేటి యువతీయువకులు ఎందుకు ఇష్టపడుతున్నారన్న ప్రశ్నను లేవనెత్తిన ఆ వ్యాసం, అదంతా గడిచిపోయిన రోజుల మీద బెంగ అని తేల్చేసింది. పదిహేనేళ్లుగా పాత దుస్తులను సేకరిస్తూ, చిరిగినవాటిని బాగుచేసుకుని ధరిస్తూ ఉన్న నేను ఆ తీర్మానంతో ఏకీభవించలేకపోతున్నాను. బెంగ అనేది ఒకప్పుడు తన దగ్గర ఉండి దూరమైనదాని మీద కలుగుతుంది. 1940ల నాటి కోటును ముచ్చటపడి వేసుకునే పాతికేళ్ల అమ్మాయి దగ్గర ఆ దశాబ్దం ఎన్నడూ లేదు. ఆమెకు అది జ్ఞాపకం కాదు, కొత్త పరిచయం. ఈ ఇష్టం కంటితో మొదలై చేతితో గట్టిపడుతుందని, ఆ వస్తువు ఎలా తయారైందో తెలిసేకొద్దీ పెరుగుతుందని నా అనుభవం.

నిజానికి ఒక కాలాన్ని అనుభవించినవారే ఆ కాలపు దుస్తులను అందరికంటే ఆలస్యంగా ఇష్టపడతారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ లేవర్ 1937లోనే దీనికి ఒక వరస చెప్పారు: ఫ్యాషన్ పోయిన 10 ఏళ్లకు ఆ దుస్తులు అసహ్యంగా, 30 ఏళ్లకు సరదాగా, 70 ఏళ్లకు మనోహరంగా, 150 ఏళ్లకు అందంగా కనిపిస్తాయన్నది ఆయన లెక్క. ఇప్పుడు ఫ్యాషన్లు తిరిగివచ్చే వేగం పెరిగింది కాబట్టి ఆ అంకెలు కుదించుకుపోయి ఉండవచ్చు గానీ, వరస మాత్రం తప్పలేదు. దీనికి 1971 జనవరిలో పారిస్‌లో జరిగినదానికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ ఆ నెల ప్రదర్శించిన దుస్తులు 1940ల తీరులో ఉన్నాయి. మెత్తలు పెట్టి ఎత్తు చేసిన భుజాలు, పొట్టి గౌన్లు, తలపాగాలు, దళసరి అట్టల చెప్పులు. పాత బట్టల సంతల్లో కొన్న 1940ల దుస్తులు వేసుకుని తిరిగే, చిత్రకారుడు పాబ్లో పికాసో కూతురు పలోమాను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. నాజీల ఆక్రమణలో బతికిన తరం విమర్శకులకు ఆ భుజాలు, ఆ తలపాగాలు కరవు రోజులనూ అవమానాన్నీ గుర్తుచేయడంతో వారు ఆ ప్రదర్శనను తీవ్రంగా దుయ్యబట్టారు. పలోమా పుట్టింది 1949లో, అంటే యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు. ఆ భుజాల వెనుక ఆమెకు చేదు జ్ఞాపకం ఏదీ లేదు కాబట్టే వాటి కోతను, అంటే గుడ్డ కత్తిరించిన తీరును, కోతగా చూడగలిగింది. ఆ తీరు ఆ తర్వాత వీధుల్లోకి వచ్చింది. జ్ఞాపకం ఈ ఇష్టానికి అడ్డుగోడ అయిన సందర్భం ఇది. అలాంటప్పుడు జ్ఞాపకమే దానికి మూలమని ఎలా అనగలం?

అసలు కొత్తదని పేరు పడినదే పాతదాన్ని చూసి పుట్టిన సందర్భమూ ఉంది. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన తొలి ప్రదర్శనలో సన్నని నడుమును, పిక్కల దాకా దిగే విశాలమైన లంగాలను చూపించినప్పుడు, హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో దాన్ని ‘న్యూ లుక్’ అన్నారు. అయితే ఆ నడుమూ ఆ లంగా వెడల్పూ డియోర్ తల్లి తరానికీ, అంతకు ముందటి తరానికీ చెందినవి.

ఇక కన్ను గురించి. మాలో చాలామందికి ఈ ఇష్టం ఒక నలుపు తెలుపు ఫోటోతోనో, పాత సినిమాలోని ఒక ముఖంతోనో మొదలవుతుంది. సన్నగా గీసిన కనుబొమ్మలు, నిగనిగలాడే అలల జుట్టు, చీకట్లోంచి వెలిగినట్టుండే చెంపలు చూసి, అలా మనమూ ఉండాలనుకుంటాం. అద్దం ముందు నిలబడి ప్రయత్నించినప్పుడు మాత్రం ఆ ముఖం రాదు. ఎందుకు రాదని వెతకడం మొదలుపెట్టిన రోజునే అసలైన ప్రేమ మొదలవుతుందని నా నమ్మకం. మూగ సినిమాల కాలంలో ఎక్కువగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు రంగు పట్టేది కాదు. ఎర్రటి పెదవి తెర మీద దాదాపు నల్లగా కనిపించేది, లేత నీలి కళ్లు తెల్లగా పాలిపోయినట్టు కనిపించేవి. నటీనటుల అలంకరణ అంతా ఆ ఫిల్ము కంటికి తగినట్టు రూపొందింది. 1920ల రెండో సగంలో అన్ని రంగులూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము వ్యాపించాక అలంకరణ కూడా మారవలసి వచ్చింది. రంగుల సినిమా కోసం మాక్స్ ఫ్యాక్టర్ సంస్థ తయారుచేసిన పాన్‌కేక్ మేకప్ 1930ల చివర్లో మామూలు స్త్రీల చేతికి వచ్చింది. ఇది తెలిశాక పాత ఫోటోలోని ముఖం ఒక స్త్రీ అందంగా మాత్రమే గాక, కాంతికీ రసాయనానికీ మనిషి చేతి నైపుణ్యానికీ మధ్య కుదిరిన ఒప్పందంగా కనిపిస్తుంది.

జుట్టు విషయమూ అంతే. 1920లు, 30లలోని అలలను తడి జుట్టు మీద వేళ్లతో, దువ్వెనతో ఒక్కొక్కటిగా నొక్కి నిలబెట్టి, పూర్తిగా ఆరేదాకా కదలకుండా ఉంచేవారు. ఉంగరాల కోసం పాయలను చుట్టి పిన్నులు గుచ్చి రాత్రంతా అలాగే పడుకునేవారు. నేను మొదటిసారి పిన్నులు పెట్టుకున్నప్పుడు జుట్టు లోపల తడి ఆరకముందే విప్పేశాను. అర గంటలో ఒక్క ఉంగరమూ మిగలలేదు. పాయ ఏ వైపు చుట్టాలి, కుదురు దగ్గర ఎంత నిలబెట్టాలి, పొద్దున విప్పాక ఎంతసేపు దువ్వాలి అన్నవి చేతికి పట్టడానికి నాకు నెలలు పట్టింది. అన్ని రాత్రులు వెచ్చించినదాని మీద ఇష్టం కలగకుండా ఎలా ఉంటుంది?

దుస్తుల మీద నా ప్రేమకు మాత్రం బీజం వేసింది ఒక గౌను లోపలి వైపు. 1950ల నాటి ఆ గౌను పైకి చాలా సాదాగా ఉంది. నడుము దగ్గర వదులు చేయడానికి కుట్టు విప్పుదామని తిరగేసి చూస్తే, వెనక ఉండాల్సిన జిప్పు ఎడమ పక్కన కుట్టులో దాగి ఉంది, అదీ లోహపు పళ్లది. కుట్టుకు ఇవతల రెండు వేళ్ల వెడల్పున గుడ్డ వదిలి, పోగులు ఊడకుండా అంచును చేత్తో చుట్టి కుట్టారు. కింది మడతలో మరో జానెడు గుడ్డ ఉంది. ఆ వదిలిన గుడ్డకు అర్థం ఏమిటో నాకు అప్పుడు స్ఫురించింది: కుట్టినవారు ఆ గౌను తొడిగే మనిషి ఒళ్లు చేస్తుందనీ, చిక్కుతుందనీ, పొడవు మారుతుందనీ, ఒకవేళ మరొకరికి ఇస్తుందనీ ముందే ఊహించి దానికి చోటు పెట్టారు. ఇప్పటి చవక బట్టల్లో అంచు ఊడకుండా మిషన్ మీద వేసే ఓవర్‌లాక్ కుట్టు పక్కన గోరు వెడల్పు కూడా మిగలదు. ఒకసారి బిగుతైతే దాన్ని పారేయడమే. గుడ్డ ఆదా చేయాలన్న లెక్క ఒక్కటే అక్కడ పనిచేస్తుంది. గౌను తిరగేసిన ఆ రోజు నుంచి నేను ఏ దుస్తునైనా లోపలి వైపు నుంచి చూడటం మొదలుపెట్టాను.

దర్జీలు క్రాస్ కటింగ్ అనే కోత విషయంలోనూ ఇలాగే జరిగింది. పడుగుకూ పేకకూ ఏటవాలుగా కోస్తే గుడ్డ సాగుతుంది, ఒంటిని అంటుకుని జారుతుంది. పారిస్‌లో డిజైనర్ మడలీన్ వియోనే ఒక చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డను ఆన్చి చూసుకుంటూ ఈ కోతతో గౌన్లనే మార్చేశారు. 1930ల ఫోటోల్లో ఆ గౌన్లను చూసి పట్టుబట్ట మహిమ అనుకున్నాను. నేనే ఒక లంగా క్రాస్‌లో కోసి, కుట్టి, వెంటనే అంచు మడిచేస్తే మర్నాటికి అది ఒక వైపు జారి వంకరపోయింది. కోసిన గుడ్డను ఒకటి రెండు రోజులు వేలాడదీసి, సాగాల్సినంత సాగాక అంచు సరిచేయాలని అప్పుడు తెలుసుకున్నాను. ఆ తర్వాత ఆ ఫోటోలను చూస్తే అంతకు ముందు కనపడనివి కనపడ్డాయి.

కరవు నేర్పినదాన్నీ ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే 1940ల తీరుకు నన్ను కట్టిపడేసింది అదే. బ్రిటన్‌లో 1941 జూన్ 1న దుస్తులకు రేషన్ పెట్టి తొలి ఏడాది పెద్దలకు ఒక్కొక్కరికి 66 కూపన్లు ఇచ్చారు. ఆ రేషన్ 1949 మార్చి దాకా సాగింది. ఒక గౌనుకు ఎన్ని గుండీలు, ఎన్ని కుచ్చిళ్లు ఉండవచ్చో కూడా ఆంక్షలు నిర్ణయించాయి. అమెరికాలో 1940 మే 15న నైలాన్ మేజోళ్లు దేశమంతటా అమ్మకానికి వచ్చినప్పుడు జనం ఎగబడి కొన్నారు గానీ, యుద్ధంలో నైలాన్ పారాచూట్లకు పోయింది. మేజోళ్లు దొరకని స్త్రీలు పిక్కల వెనుక కనుబొమ్మల పెన్సిలుతో కుట్టు గీత గీసుకునేవారు. ఆ గీతను ఫోటోలో చూసినప్పుడు అది కేవలం అలంకారమని అనుకునేవారికి ఒక అందం, కారణం తెలిసినవారికి మరో అందం కనిపిస్తాయి. రెండోదే నన్ను పట్టుకుంది.

ఇష్టం ఉన్నంత మాత్రాన తెలివి రాదని నాకు ఒక గౌను నేర్పింది. 1940ల నాటి రేయాన్ క్రేప్ గౌనును, చాలా జాగ్రత్తగానే అనుకుంటూ, చల్లని నీళ్లలో ముంచాను. తడి తగిలిన ఆ గుడ్డ నా కళ్ల ముందే ముడుచుకుపోయి, పిల్లల గౌనంత అయింది. ఆ రకం నూలును బాగా మెలిపెట్టి నేస్తారు కాబట్టి తడిస్తే ముడుచుకుంటుంది, తడిలో రేయాన్ బలమూ తగ్గుతుంది. అమెరికాలో ఉతికే పద్ధతి చెప్పే చీటీ బట్టకు తప్పనిసరి అయింది 1972లో; అంతకు ముందటి బట్టలకు ఆ మాట ఎవరూ చెప్పరు, మనమే చేత్తో, కంటితో తెలుసుకోవాలి. ఆ నష్టం ఇప్పటికీ నన్ను బాధిస్తోంది, ఎందుకంటే ఏడు దశాబ్దాలు నిలిచినదాన్ని నేను పది నిమిషాల్లో పోగొట్టాను.

మీ వ్యాసంలో ఎక్కడా రాని మరో కారణం కొలతలు. అమెరికాలో స్త్రీల దుస్తుల సైజులకు 1958లో వెలువడిన ప్రామాణిక కొలతలను 1983లో ఉపసంహరించారు. ఈలోపే సైజు అంకె ఒకటి, దాని వెనక ఉన్న నడుము కొలత మరొకటి అయిపోయాయి. పాత గౌను కొనే మనిషికి చీటీ మీది అంకె పనికిరాదు. టేపు తీసుకుని ఛాతీ, నడుము, తుంటి కొలుచుకోవాల్సిందే. తన ఒంటి మీద అసంతృప్తితో పెరిగిన చాలామందికి ఈ కొలవడంలో ఒక ఊరట ఉంటుంది. ఒళ్లు తప్పు కాదనీ, గుడ్డను ఒంటికి తగ్గట్టు సరిచేయవచ్చనీ అక్కడ అర్థమవుతుంది. నాతో పాటు ఈ ఇష్టం పంచుకునేవారిలో పలువురు మొదట చెప్పే మాట ఇదే.

పాత శైలిని ప్రేమించేవారు ఆ కాలపు అన్యాయాలనూ ప్రేమిస్తారన్న అనుమానం మీ వ్యాసంలో చివర కనిపించింది. దానికి జవాబు నేను సూటిగానే చెప్పాలి. 1930ల్లో ఫ్రాన్స్‌లో రేడియం, థోరియం కలిపిన ముఖపు క్రీమును అందానికి మంచిదని అమ్మారు. అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడినవారిలో కొందరి చూపు పోయింది. 1938లో సౌందర్య సాధనాలను చట్టపరిధిలోకి తేవడానికి దారితీసిన ఘటనల్లో అదొకటి. ఆ కాలపు పౌడర్లు, క్రీములు చాలావరకు లేత చర్మాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకున్నాయి. నల్లజాతి తారలు జోసఫీన్ బేకర్, డొరొతీ డాండ్రిడ్జ్, చైనా మూలాల అమెరికన్ నటి అనా మే వాంగ్ వంటివారు తమను పక్కన పెట్టిన పరిశ్రమలోనే ఆ శైలికి ప్రాణం పోశారు. నేను 1930ల కనుబొమ్మను ఇష్టపడతాను, ఆనాటి రంగు డబ్బాను నా కంటి దగ్గరకు రానివ్వను. ఆ కోతను నా ఒంటికి సరిచేసుకుంటాను, ఆ గౌను తొడిగిన స్త్రీ అడుగడుగునా అనుమతి అడగాల్సి వచ్చిన రోజులను కోరుకోను. ఇష్టపడటమంటే ఎంచుకోవడమే.

కాబట్టి మీ అనుబంధంలో ఈ విషయం మీద మళ్లీ రాసేటప్పుడు ఒకటి కోరుతున్నాను. సినీతారల ఫోటోలతో పాటు దుస్తుల ఫోటోలనూ వేసి, ప్రతి ఒక్కదాని కింద అది ఏ దశాబ్దానిదో, ఏ గుడ్డతో, ఏ కోతతో తయారైందో రెండు వాక్యాలు రాయండి. కనీసం ఒక గౌనునైనా తిరగేసి, లోపలి కుట్లూ వదిలిన గుడ్డా కనపడేలా చూపండి. అవసరమైతే నా దగ్గరున్న వాటిని విప్పి, పక్కన టేపు పెట్టి, ఫోటోలు తీసి పంపగలను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు