గ్రీన్‌లాండ్ శిఖరయాత్ర: వ్యాసంలో రాని సంగతులు

సంపాదకులకు,

ఆర్యా,

మీ ఆదివారం అనుబంధంలో ఆర్కిటిక్ పర్వతారోహణ గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. తూర్పు గ్రీన్‌లాండ్‌లోని గున్‌బ్యోర్న్ శిఖరం ఎత్తు 3,694 మీటర్లేనని, ఎవరెస్టులో సగం కూడా లేదని, కాబట్టి ఓ మోస్తరు దేహదారుఢ్యం ఉన్నవారెవరైనా ఎక్కి రావచ్చునని వ్యాసకర్త తేల్చేశారు. ఎక్కడం మట్టుకే చూస్తే ఆ మాట పూర్తిగా తప్పు కాదు. ఆ శిఖరానికి వెళ్లి వచ్చిన ఒక చిన్న బృందంలో నేనూ ఉన్నాను. క్రాంపాన్లతో (బూట్ల అడుగున బిగించుకునే ఇనుప ముళ్ల చట్రాలతో), మంచుగొడ్డలితో నడవడం బాగా అలవాటైన వారికి చివరి మంచుగట్టు దుస్సాధ్యమేమీ కాదు. అయితే ఆ యాత్రలో ఎక్కడం చిన్న భాగం. అక్కడికి చేరడం, అక్కడ నిలవడం, తిరిగి రావడం పెద్ద భాగం. దానికి వ్యాసంలో ఒక్క పేరా కూడా దక్కలేదు.

ఉత్తర ధ్రువవృత్తానికి ఆవల ఇంతకన్న ఎత్తైన శిఖరం మరొకటి లేదు. అయినా 1930లో గినో వాట్కిన్స్ నాయకత్వంలో వచ్చిన బ్రిటిష్ బృందం విమానంలో సర్వే చేస్తూ గుర్తించేదాకా ఈ పర్వతశ్రేణి సంగతి బయటి ప్రపంచానికి దాదాపుగా తెలియదు. ఆ బృందం వచ్చింది కొండలెక్కడానికి కాదు, ఆర్కిటిక్ మీదుగా విమానమార్గం వేయవచ్చునేమో పరిశీలించడానికి. అందుకోసం వారు మంచుపలక నడుమ ఒక వాతావరణ కేంద్రం నెలకొల్పగా, ఆగస్టిన్ కోర్టాల్డ్ అనే యువకుడు 1930 డిసెంబరు నుంచి 1931 మే వరకు అందులో ఒంటరిగా గడిపాడు. చివరి వారాల్లో గుడారం పూర్తిగా మంచులో కూరుకుపోయి బయటికి రాలేకపోయాడు. వెతుక్కుంటూ వచ్చిన వాట్కిన్స్ బృందానికి మంచు పైకి పొడుచుకు వచ్చిన గాలిగొట్టం కనిపించబట్టి బతికాడు. మరుసటి ఏడాది వాట్కిన్స్ గ్రీన్‌లాండ్‌లోనే, సీల్ వేటకు కయాక్ అనే సన్నని చిన్న పడవలో ఒంటరిగా వెళ్లి, ఇరవై అయిదేళ్ల వయసులో మరణించాడు. ఈ శ్రేణికి ఇప్పుడున్నది ఆయన పేరే. కోర్టాల్డ్ మాత్రం మళ్లీ వచ్చాడు. 1935 ఆగస్టు 16న లారెన్స్ వేగర్, జాక్ లాంగ్‌లాండ్ తదితరులతో కలిసి ఈ శిఖరాన్ని మొట్టమొదటగా ఎక్కినవారిలో ఆయన ఒకడు. మంచు కింద అన్ని రోజులు చిక్కుకున్న మనిషి నాలుగేళ్లకే అదే నేలకు రావడం నాకు శిఖరారోహణ కన్నా ఆశ్చర్యకరంగా తోస్తుంది.

వారు సముద్రపు మంచును తప్పించుకుంటూ ఓడలో తీరం చేరి, అక్కడి నుంచి హిమానీనదాల మీదుగా స్లెడ్జీలు లాగుకుంటూ నడిచారు. నేడు స్కీలు అమర్చిన ట్విన్ ఆటర్ విమానం ఐస్‌లాండ్‌లో బయలుదేరి, డెన్మార్క్ జలసంధి దాటి, యాత్రికులను ఏకంగా హిమానీనదం మీదే దింపుతుంది. సులువన్న భ్రమకు మూలం ఈ సౌకర్యమే. విమానం చప్పుడు దూరమయ్యాక మిగిలేవి గుడారాలు, మంచు, ఆ మంచులోంచి పైకి లేచిన నల్లని శిలాశిఖరాలు. (అట్లాంటిక్ సముద్రం విచ్చుకుంటున్న కాలంలో పొంగిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టిన బసాల్టు అది, మెట్లు మెట్లుగా ఉన్న ఆ గోడలను చూడడానికే ఒకసారి వెళ్లవచ్చు.) ఉత్తరాన ఇటోకొర్టోర్మిట్, దక్షిణాన టాసిలాక్ అనే చిన్న ఊళ్లు ఉన్నాయి గాని, రెండూ వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, దారి లేదు. కాలు విరిగినా, హిమానీనదపు పగుళ్లలో ఎవరైనా పడినా, సాయం రావలసింది గాలిలోనే.

గాలిలో వచ్చే సాయం వాతావరణం చేతిలో ఉంటుంది. మబ్బు దిగితే ఆకాశమేదో మంచు ఏదో తెలియని తెలుపు కమ్ముకుంటుంది. నేల ఆనవాలు లేనిచోట ఏ పైలట్ దిగడు. సామాను సర్దుకుని కూర్చున్న మేము కూడా విమానం కోసం కొన్నాళ్లు గుడారాల్లోనే ఉండిపోయాము. అక్కడ మంచు కరిగిస్తే తప్ప తాగడానికి నీరుండదు గనుక, స్టవ్ ఇంధనం అయిపోవడమంటే నీళ్లు అయిపోవడమే. అదనపు ఆహారం, అదనపు ఇంధనం అన్న మాటలు సామాను జాబితాలో చివర రాయవలసినవి కావు.

ఎత్తు విషయంలో ఇంకొక మాట. ధ్రువాలకు దగ్గరగా, చల్లని గాలిలో, పైకి పోయేకొద్దీ వాయుపీడనం త్వరగా తగ్గుతుంది. అందుచేత 3,694 మీటర్ల వద్ద శరీరానికి అందే ఆక్సిజన్, భూమధ్యరేఖ దాపున అదే ఎత్తులో అందే దానికన్నా తక్కువ. మీ వ్యాసంలోని పోలిక ఈ లెక్కను వదిలేసింది. రాత్రీపగలూ ఎండ ఉండే వేసవిలో కూడా, పగుళ్లను కప్పిన మంచువంతెనలు గట్టిగా ఉండే వేళ చూసుకుని, ఒకే తాడుకు కట్టుకుని నడవాలి. పగుళ్లలో పడిన మనిషిని పైకి లాగడం బృందంలో ఒకరికి తెలిస్తే చాలదు. పడేది ఆ ఒక్కరే కావచ్చు.

వ్యాసకర్త ఉత్సాహాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ వ్యాసం చదివి పదిమంది మ్యాపు తెరిచి ఉంటారు, అది మంచిదే. అయితే ఆ పదిమందికీ గ్రీన్‌లాండ్ ప్రభుత్వపు అనుమతి గురించి, గాలింపు, రక్షణ ఖర్చులకు చేయించవలసిన బీమా గురించి, వెనక్కి మోసుకురావలసిన చెత్త గురించి, విమానం రాని రోజుల గురించి కూడా తెలియాలి. వ్యాసానికి రెండో భాగం ఉంటుందని ప్రకటించారు గనుక, ఈ విషయాలను అందులో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు