లివర్‌లో మచ్చలు కనబడితే కార్జపు జలగనూ అనుమానించండి

సంపాదకులు గారికి,

పశువుల డాక్టర్లకూ గొర్రెల కాపరులకూ కార్జపు జలగ (లివర్ ఫ్లూక్ అనే, ఆకులా చదునైన పురుగు) పాత శత్రువే. గేదె పారుకుంటూ చిక్కిపోయి, దవడ కింద నీరు దిగితే ముందు దాన్నే అనుమానిస్తారు. అదే జలగ మనిషి లివర్‌లోకీ చేరుతుంది. మన దేశంలో అసోం, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 70కి పైగా దేశాల్లో కనీసం 24 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. అరుదైనదే కావచ్చు. కానీ పేరు గుర్తుకు రాకపోతే దాన్ని లివర్‌లో చీముగడ్డ అనుకుని రోగి ఆ మందులన్నీ వాడి, బయాప్సీ సూది దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఆలస్యానికి కారణం జలగ నడిచే దారిలోనే ఉంది. నీటి నత్తలో పెరిగి బయటపడ్డ పిల్ల జలగ నీటి మొక్కల ఆకులకూ కాడలకూ అంటుకుని చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. ఆ ఆకు పచ్చిగా తిన్నా, ఆ నీళ్లు కాచకుండా తాగినా పేగులో పొర విడిచి, పేగు గోడను తొలుచుకుని, లివర్ పైపొర చీల్చి లోపలికి దూరుతుంది. అక్కడ తిరిగి తిరిగి పిత్తనాళాలకు చేరి గుడ్లు పెట్టేసరికి 3, 4 నెలలు పడుతుంది. జ్వరం, కుడి డొక్కలో నొప్పి, ఒంటిమీద దద్దుర్లు బాధపెట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే. అప్పుడు మలపరీక్ష ఎంత శ్రద్ధగా చేసినా గుడ్డు దొరకదు, ఎందుకంటే ఇంకా పెట్టనే లేదు. ‘మోషన్ నార్మల్’ అన్న కాగితం చూసి జలగ కాదని తేల్చేయడం మొదటి పొరపాటు.

ఆ దశలో దారి చూపేది సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితం. మైక్రోలీటరు రక్తంలో 500 లోపు ఉండాల్సిన ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు ఈ జబ్బులో తరచూ వేలల్లోకి వెళ్తాయి. తెల్లకణాల్లో సగం అవే కావడమూ ఉంది. అమీబా చీముగడ్డలో మామూలుగా ఇలా పెరగవు. మన దగ్గర చిక్కేమిటంటే ‘ఇస్నోఫిలియా’ ఇంటింటా తెలిసిన మాట. దగ్గు, ఎలర్జీ ఖాతాలో వేసి ఒక కోర్సు మాత్రలు రాసి పంపేస్తారు. మధ్యలో స్టెరాయిడ్ పడిందంటే కౌంట్ దిగిపోయి ఉన్న ఆధారం కాస్తా పోతుంది. అందుకే స్టెరాయిడ్‌కు ముందు తీయించిన పాత రిపోర్టులు అడిగి చూడాలి.

స్కానింగ్‌లో లివర్ పైపొరకు దగ్గరగా చిన్న చిన్న మచ్చలు గుత్తులుగా కనబడతాయి. కాంట్రాస్ట్ ఇచ్చి సీటీ తీస్తే చెద తొలిచిన దారుల్లా వంకరగా సాగి ఉంటాయి. కొన్ని వారాలాగి మళ్లీ తీస్తే ఒకచోట మాని ఇంకోచోట కొత్తవి వచ్చి ఉంటాయి. క్యాన్సర్ ముద్దలు ఇలా చోటు మారవు. జలగ పిత్తనాళాల్లో స్థిరపడ్డాక అల్ట్రాసౌండ్‌లో గాల్‌బ్లాడర్ లోపల ఆకులాంటిది తనంతట తాను కదలడం చూడొచ్చు. రాయికైతే వెనక నీడ పడుతుంది, జలగకు పడదు. ప్రోబ్‌ను కాసేపు కదపకుండా పట్టుకోవాలి, లేకపోతే రిపోర్టులో అది ‘స్లడ్జ్’ (చిక్కబడ్డ పిత్తం మడ్డి) అయిపోతుంది.

గుడ్లు రాని నెలల్లో ఆధారపడాల్సింది యాంటీబాడీ పరీక్ష మీద. జలగ విడిచే కాథెప్సిన్ ఎల్ ఎంజైమ్‌తో చేసే ఎలైసా, జలగ ఒంట్లో పడిన 2 నుంచి 4 వారాలకే పాజిటివ్ చూపుతుంది. అయితే జబ్బు నయమయ్యాక కూడా యాంటీబాడీలు చాలాకాలం మిగిలిపోతాయి. మందు పనిచేసిందో లేదో దీంతో తేల్చలేం.

నాలుగో నెల దాటాక మలపరీక్షకు విలువ వస్తుంది. అయితే ఉప్పునీటిలో తేల్చే పద్ధతి కొంకిపురుగు గుడ్లకే సరి. జలగ గుడ్డు బరువైనది, అడుక్కి పోతుంది. కాబట్టి తేల్చకూడదు, దించాలి. గ్రాము మలాన్ని 7 మి.లీ. 10 శాతం ఫార్మలిన్‌లో కలిపి, గాజుగుడ్డలో వడకట్టి, 3 మి.లీ. ఈథర్ పోసి, మూత బిగించి నిమిషంపాటు గట్టిగా కుదపాలి. సెంట్రిఫ్యూజ్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు తిప్పితే నాలుగు పొరలు ఏర్పడతాయి. మధ్యలో బిళ్ల కట్టిన చెత్తను పుల్లతో అంచుల వెంట విడదీసి, పైదంతా ఒక్క ఊపున ఒంపేస్తే అడుగున మిగిలిన బొట్టే కావాల్సింది. ఈథర్ లేని చోట పశువుల ల్యాబ్ పద్ధతి చాలు. మలాన్ని నీళ్లలో కలిపి వడకట్టి, కోను గ్లాసులో పదినిమిషాలు నిలబెట్టి పైనీరు ఒంపాలి, తేటపడేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. అడుగుమడ్డిలో చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే చెత్తంతా నీలంగా మారి, గుడ్డు మాత్రం తేనెరంగులోనే ఉండిపోతుంది.

గుడ్డు పొడవు 130 నుంచి 150 మైక్రాన్లు, మన గేదెల్లో ఎక్కువగా ఉండే జైగాంటికా జాతిదైతే ఇంకా పెద్దది. ఒక కొసన చిన్న మూత ఉంటుంది. మైక్రోస్కోప్ 10ఎక్స్ లెన్స్‌లోనే కనబడుతుంది గానీ కవర్‌స్లిప్ మొత్తం గాలించాలి. గుడ్లు తక్కువగా, అప్పుడప్పుడే పడతాయి కాబట్టి వేర్వేరు రోజుల్లో కనీసం 3 నమూనాలు చూడాలి.

గుడ్డు దొరికినా తొందరపడకూడదు. జలగ పట్టిన పశువు కార్జం తిన్నవాళ్ల మలంలో ఆ గుడ్లే జబ్బు లేకుండా బయటికొస్తాయి. వారంపాటు కార్జం మానిపించి మళ్లీ చూడాలి. బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో కనబడే పేగు జలగ గుడ్డు కూడా దీనికి కవలపిల్లే. ఆ తేడా తెలియాల్సిందే, ఎందుకంటే పేగు జలగను చంపే ప్రాజిక్వాంటెల్ కార్జపు జలగ మీద పనిచేయదు. దీనికి ట్రైక్లాబెండజోల్ కావాలి, కిలో బరువుకు 10 మి.గ్రా., భోజనం తర్వాత, డాక్టర్ చెప్పినట్టు ఒకటి లేదా రెండు మోతాదులు. పశువుల మందు షాపులో దొరికేది మనుషులు తాగకూడదు.

జిల్లా ఆస్పత్రి ల్యాబ్‌లన్నిటిలో దించే పద్ధతిని మలపరీక్షలో భాగం చేయాలని, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీసం ఒక్కో బోధనాసుపత్రిలో ఎలైసా కిట్లు ఉంచాలని వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాం. ఏ మండలంలో పశువులకు జలగ ఎక్కువగా ఉందో పశుసంవర్ధక శాఖ దగ్గరి పేడ పరీక్షల రిజిస్టర్లు చెబుతాయి. ఆ వివరం ఏడాదికోసారి అక్కడి పీహెచ్‌సీ డాక్టరు బల్ల మీదికి చేరేలా చూడండి.

ఇట్లు,
పారాసైటాలజీ ల్యాబ్ టెక్నాలజిస్టులు,
గుంటూరు