ఏడో సెక్షన్ గురించి కేంద్ర హోంశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతంలో తాగునీటి పనులు చేసే ఒక చిన్న ట్రస్టుకు నేను పదకొండేళ్లుగా కోశాధికారిగా ఉన్నాను. మా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడు సంగతి ప్రభుత్వానికి కొత్త కాదు కనుక ఆ కథ మళ్లీ చెప్పను. విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలోని 7వ సెక్షన్‌ను 2020 సెప్టెంబరులో మార్చిన తీరును పునరాలోచించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

అంతకుముందు, 2010 నాటి చట్టం ప్రకారం, ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళంలో కొంత భాగాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థకు ఇవ్వగలిగేది. రిజిస్ట్రేషన్ లేని సంస్థకైనా కేంద్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదంతో ఇచ్చే వీలుండేది. సవరణ ఈ రెండు దారులనూ మూసింది. ఇప్పుడు విరాళం ఎవరి ఖాతాకు వస్తే వారే ఖర్చు పెట్టాలి, పక్కవారికి ఒక్క రూపాయి బదిలీ చేయకూడదు. చేతులు మారుతూ పోయే డబ్బు చివరికి ఎక్కడ తేలిందో కనిపెట్టడం కష్టమన్నది ఈ మార్పుకు ప్రభుత్వం చూపిన కారణాల్లో ఒకటి. లెక్కలు రాసేవాడిగా ఆ కష్టం నాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయను. అయితే అమెరికాలో దాతల దగ్గర డబ్బు ఎలా పోగవుతుందో, ఏ రూపంలో సముద్రం దాటుతుందో చూసినవారికి ఈ నిషేధం దెబ్బ ఎవరి మీద పడుతున్నదో అర్థమవుతుంది.

అమెరికన్లు 2023లో దానధర్మాలకు ఇచ్చిన మొత్తం సుమారు 55,700 కోట్ల డాలర్లని అక్కడి ‘గివింగ్ యూఎస్‌ఏ’ వార్షిక నివేదిక లెక్కకట్టింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు వ్యక్తులు, కుటుంబాలు ఇచ్చినవే. వారి పన్ను చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం విరాళానికి మినహాయింపు దక్కాలంటే, పుచ్చుకునే సంస్థ అమెరికాలోనే ఏర్పడినదై ఉండాలి. డాలస్‌లో స్థిరపడి అక్కడి పౌరుడైన మా ఊరి మనిషి కనిగిరి ట్రస్టుకు నేరుగా చెక్కు రాస్తే, మా వైపు చట్టం సంగతి అటుంచి, ఆయనకు అక్కడి పన్నులో ఒక్క సెంటు కూడా తగ్గదు. అందుకని ఏ దేశపు సేవాసంస్థ అయినా అమెరికా దాతలను చేరాలంటే, అక్కడ తన పేరున ఒక మిత్ర సంస్థను ధార్మిక సంస్థలకు పన్ను మినహాయింపునిచ్చే 501(సి)(3) సెక్షన్ కింద నమోదు చేయించుకోవడమో, గ్లోబల్‌గివింగ్, గివ్2ఏషియా వంటి మధ్యవర్తి సంస్థ ద్వారా విరాళాలు తీసుకోవడమో చేస్తుంది. మన తెలుగువారి సంఘాల ఫౌండేషన్లు కూడా ఈ చట్టానికి లోబడి నడిచేవే.

ఆ మధ్యవర్తి కేవలం గొట్టం కాదు. ఈ చివర పోసిన నీళ్లు ఆ చివర వచ్చినట్టుగా డబ్బు దాటిపోతే మినహాయింపు చెల్లదని అమెరికా పన్నుల శాఖ 1963లోనే ఒక రూలింగులో తేల్చి చెప్పింది. ఏ పనికి, ఎవరికి ఇవ్వాలో ఆ సంస్థ తానే నిర్ణయించుకోవాలి, ఖర్చు మీద అదుపు ఉంచుకోవాలి. ఒక కుటుంబమో కంపెనీయో పెట్టిన డబ్బుతో నడిచే ప్రైవేటు ఫౌండేషన్లకు 1969 నాటి చట్టం నిబంధనలను ఇంకా బిగించింది. విదేశీ సంస్థ తమ దేశపు ధార్మిక సంస్థతో సమానమైనదని పత్రాలతో నిర్ధారించుకోవాలి, లేదా ఖర్చు బాధ్యత తామే వహించి ఏటేటా నివేదికలు తెప్పించుకోవాలి. ఈ పరిశీలనకయ్యే శ్రమ, వకీళ్ల ఫీజు విరాళం 5 వేల డాలర్లయినా 5 లక్షల డాలర్లయినా దాదాపు ఒకటే. కనుక ఫౌండేషన్ ఒక పెద్ద సంస్థను ఎంచుకుని దానికే ఇస్తుంది. ఊళ్లల్లో పనిచేసే చిన్నవాళ్లకు పంచే బాధ్యత ఆ పెద్ద సంస్థదని అనుకుంటుంది. ఆ పంపకమే మన చట్టంలో నేరం.

పర్యవసానం ఏమిటంటే, పెద్ద సంస్థలు తమ సిబ్బందినే మండలాలకు పంపి, చిన్న సంస్థలు ఏళ్ల తరబడి చేస్తున్న పనిని కొత్తగా మొదలుపెడుతున్నాయి. లేదా సామాను తామే కొని తెచ్చి, ఊరి సంస్థ చేత చేరినట్టు సంతకం పెట్టించుకుంటున్నాయి. విదేశీ విరాళంలో పరిపాలన ఖర్చుకు వాడుకోగల గరిష్ఠ వాటాను అదే సవరణ 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించడంతో, దూరపు పల్లెలను పర్యవేక్షించే ఓపిక వాటికీ తగ్గింది. మరి చిన్నవాళ్లే సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవచ్చు కదా అని మీ అధికారులు అడగవచ్చు. అందుకు గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. మా ట్రస్టు ఏడాది ఖర్చు 4 లక్షలు దాటదు. ముందస్తు అనుమతి అనే దారి ఉంది కానీ, అది ఫలానా దాత ఫలానా పనికి ఫలానా మొత్తం ఇస్తానని రాసిచ్చినప్పటి మాట. తలా 50 డాలర్లు వేసుకునే 200 మంది చేత అలా రాయించడం ఎవరి వల్లా కాదు.

మా ఊరి అన్నదమ్ములిద్దరి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఇద్దరూ అమెరికాలోనే ఉద్యోగాలు చేస్తున్నారు. తమ్ముడిది ఇంకా భారత పాస్‌పోర్టు కనుక, తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు, దాన్ని మేము నిక్షేపంగా తీసుకుంటున్నాం. అన్న అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అతని డబ్బు విదేశీ విరాళమే. తమ్ముడి కంపెనీ అతని విరాళానికి సమానంగా కలిపి ఇస్తానన్నది కూడా విదేశీ విరాళమే, కనుక దాన్ని వదులుకున్నాం. తల్లి పేరు మీద నీటి ప్లాంటు కట్టించాలని ఇద్దరూ కలిసి అనుకుంటే, సగం ప్లాంటుకే మాకు అనుమతి ఉన్నట్టు!

2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది, విదేశీ విరాళం పుచ్చుకోవడం ఎవరికీ సంపూర్ణ హక్కు కాదంది. ఆ తీర్పును శిరసావహిస్తున్నాను. అయితే సవరణ చెల్లుతుందని కోర్టు చెప్పినంత మాత్రాన దాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేకుండా పోలేదు, అందుకే కోర్టు మెట్లు ఎక్కకుండా మీకు రాస్తున్నాను.

నేను కోరేది పాత చట్టాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మని కాదు. బదిలీని ఒక్క అంచెకే పరిమితం చేయండి, తీసుకున్నవారు మరొకరికి ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థల మధ్య అయితే, పుచ్చుకునేవారు కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని తమ ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలనండి. మా వంటి రిజిస్ట్రేషన్ లేని సంస్థలకు ఏడాదికి ఒక పరిమితి పెట్టి, మునుపటిలా ముందస్తు ఆమోదంతోనే ఇవ్వనివ్వండి. ఇచ్చిన సంస్థ ఆ వివరాలను మూడు నెలలకొకసారి తన వెబ్‌సైటులో పెట్టాలనండి. 2022 జూలైలో మీ శాఖ తీసేసిన నిబంధన దాదాపు ఇటువంటిదే, దాన్ని ఇందుకోసం తిరిగి తెచ్చినా మాకు అభ్యంతరం లేదు. అమెరికా వైపు ఖర్చు నివేదికలు ఎలాగూ అడుగుతారు కనుక, రెండు ప్రభుత్వాలకూ ఒకే లెక్క రాయడం మాకు బరువు కాదు.

అమెరికాలో మిగతా నెలలకంటే డిసెంబరులో, అందులోనూ ఆఖరి రోజుల్లో విరాళాల జోరు ఎక్కువ, ఆ ఏటి పన్నుకు 31వ తేదీ గడువు కనుక. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలు మీ శాఖకు ఎఫ్‌సీ-4 అనే వార్షిక లెక్కల పత్రం దాఖలు చేయడానికీ అదే రోజు గడువు. కనుక సవరణ బిల్లును శీతాకాల సమావేశాల్లో కాక వర్షాకాల సమావేశాల్లోనే ప్రవేశపెట్టగలిగితే, ఆ డిసెంబరుకల్లా అన్నదమ్ములిద్దరికీ మేము ఒకే జవాబు రాయగలుగుతాం. మా ట్రస్టు ఖాతా పుస్తకాలు మీ శాఖ ఎప్పుడు కోరినా చూపడానికి సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక గ్రామీణ ట్రస్టు కోశాధికారి,
కనిగిరి ప్రాంతం, ఆంధ్రప్రదేశ్